రుమాలు కింద జమాదారు

మా ఇంట్లో పెత్తనమంతా మా అత్త ముత్తవ్వదే అని నాందేడులో మా మగ్గాల గల్లీ మొత్తం అనుకునేది. ఆమె కూడా అలాగే అనుకునేది. కానీ ఒక ఏడాది పాటు ఆ ఇంట్లో పెత్తనం చేసింది ఒక కుందేలు. ఎర్ర కళ్ళు, తెల్ల ఒళ్ళు, రెండు చేతుల్లో ఇమిడేంత మనిషి, గంపెడు పొగరు. వాడి పేరు జమాదారు.

వాడు మాకు రైల్వే స్టేషను వైపు నుంచి వచ్చాడు. అక్కడ గార్డు పని చేసే దొర ఒకాయనకు బదిలీ అయింది. మేము వాళ్ళకు తువ్వాళ్ళు నేసి ఇచ్చేవాళ్ళం, ఆ పరిచయం. సామాను కట్టుకుంటూ దొరసాని మా కూతురు భాగ్యవతిని పిలిచి కుందేలును ఒళ్ళో పెట్టింది. "బహుత్ సీదా హై," అంది నాతో. నేను నమ్మాను. అంత సాధువైన కుందేలును ఇచ్చేసి ఆమె తలుపు అంత తొందరగా ఎందుకు వేసుకుందో దారిలో తోచలేదు. ఇంటికొచ్చి నా బొటనవేలు కట్టుకునేటప్పుడు తోచింది.

పై నుంచి చెయ్యి వస్తే చాలు, కరిచేవాడు. ఎత్తుకుంటే తన్నేవాడు. మా అత్త పొద్దున్నే కడిగి పసుపు రాసిన దేవుడి అర్ర గడప మీద ఒంటేలు పోసి, పోశాక ఆమె మొహం వైపు చూసేవాడు. చీకటి పడ్డాక ఏ చిన్న చప్పుడు విన్నా వెనక కాలితో నేల మీద ధన్ ధన్‌మని కొట్టేవాడు. కొత్వాలీ జమాదారు గస్తీ తిరుగుతున్నట్టు ఉందని నా పెనిమిటి మారోతి నవ్వాడు. పేరు అలా పడింది. మారోతి నవ్వడం అదే ఆఖరు.

మారోతి మెత్తని మనిషి. మగ్గం గుంటలో కాళ్ళు వేలాడేసి కూర్చున్నాడంటే పొద్దు గూకేదాకా లేవడు. చల్లగా, చీకటిగా ఉండే ఆ గుంట జమాదారుకు మహా నచ్చింది. అది తన ఇల్లే అనుకున్నాడు. తన ఇంట్లోకి ఎవరివో రెండు కాళ్ళు దిగి ఆడుతుంటే ఊరుకుంటాడా? మడమ పట్టుకున్నాడు. మారోతి కేక గల్లీ చివరి దాకా వినిపించింది. గంప కింద మూస్తే గంప కొరికాడు. వాకిట్లో వదిలితే మట్టి తవ్వి పక్కింటి వాళ్ళ వంటింట్లో తేలాడు.

ఇంత చేసినా నాకు వాడి మీద కోపం రాలేదు. వస్తే దాచుకునే మనిషిని కాను నేను. వాడిలో నాకు నచ్చిందేమిటంటే వాడు ఎవరికీ భయపడడు, ఎవరినీ బుజ్జగించడు. భాగ్య మాత్రం వాడిని నాకంటే బాగా అర్థం చేసుకుంది. నేల మీద పడుకొని, చెయ్యి పక్క నుంచి మెల్లగా జరిపి, రెండు చెవుల మధ్య నుదురు రాసేది. అప్పుడు వాడు కళ్ళు సగం మూసి తల నేలకు ఆనించేవాడు. పైన ఏదైనా గుడ్డ కప్పితే ఇంకా నిమ్మళంగా ఉండేవాడు.

చివరికి పడుగు కొరికాడు. పెళ్ళి వాళ్ళు చెప్పి చేయించుకుంటున్న చీర అది. ఇంటిల్లిపాదీ కూర్చొని దారాలు సరిచేసి మగ్గానికి ఎక్కించిన పడుగు. పొద్దున లేచి చూస్తే సగం పోగులు తెగి గుంటలోకి వేలాడుతున్నాయి, కింద జమాదారు వాటి మీదే పడుకొని ఉన్నాడు. మారోతి తిట్టలేదు. మగ్గం దగ్గర కూర్చొని తల పట్టుకున్నాడు. జమాదారు ఇక మా ఇంట్లో ఉండలేడని ఆ పొద్దున నేనే ఒప్పుకున్నాను. దారాల మీద బతికే ఇల్లు మాది. వాడి పళ్ళు ఊరుకోవు.

మారోతి వాణ్ణి ముందు నూనె గానుగ వాళ్ళకు ఇచ్చాడు. "మస్తు సాధువు," అని చెప్పి ఇచ్చాడట. మర్నాడే గానుగాయన చేతికి కట్టుతో వచ్చి బుట్ట మా గడపలో పెట్టిపోయాడు. తర్వాత ఒక పూలతోట మాలికి ఇచ్చాడు. అక్కడా అదే మాట చెప్పాడు, అదే బుట్ట వెనక్కి వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏందయ్యా నువ్వు? ఆ దొరసాని మనకు జేసిందే నువ్వు ఊరందరికి జేస్తున్నవ్. కరుస్తడని చెప్పియ్యరాదు?"

"కరుస్తడని చెప్తే ఎవలు తీసుకుంటరే?"

"కరిచినా ఉంచుకునేటోడు తీసుకుంటడు. ఆడు దొరికెదాక చెప్పుకుంటనే తిరుగుదాం."

ఈ మాటలు విని మా అత్త ముత్తవ్వ రోలు దగ్గర నుంచి లేచి వచ్చింది. ఆమె తీర్పు చెప్పేటప్పుడు నడుం మీద చెయ్యి పెడుతుంది.

"తిరుగుడు లేదు, ఏం లేదు. మల్లన్న జాత్రకు మాళేగాం పోతున్నంగద. ఆడ ఏటకుక్కలు అమ్మేటోళ్ళు అస్తరు. పిల్లకుక్కలకు ఏట నేర్పుతందుకు గిసొంటి కుందేళ్ళు ఆళ్ళకు గావాలె. జాత్ర కాడ నీకు మనిషి దొరికితే ఇయ్యి. లేకుంటే కుక్కలోనికే. తిరిగి అచ్చే బండిల మాత్రం ఆ పీడ ఉండొద్దు."

తలుపు చాటున భాగ్య అంతా విన్నది. ఏడవలేదు. నా దగ్గరకొచ్చి కొంగు పట్టుకొని, "అవ్వా, కుక్కలకు ఇయ్యవు గద?" అంది. ఇవ్వనని చెప్పాను. ఆలోచించి చెప్పిన మాట కాదు. కానీ ఒకసారి పిల్ల కళ్ళలోకి చూసి చెప్పాక దాన్ని నిలబెట్టుకోవడం తప్ప నాకు వేరే పని లేకపోయింది.

మార్గశిరంలో బండి కట్టుకొని మాళేగాం పోయాము. అక్కడి దేవుణ్ణి ఆ ఊళ్ళో ఖండోబా అంటారు, మేము మల్లన్న అంటాం. జాత్రంతా జంతువులే. గుర్రాలు, ఒంటెలు, గాడిదలు, ఎద్దులు, వాటి మధ్య పసుపు చల్లుకుంటూ జనం. దర్శనానికి పోయి వచ్చేసరికి మా ఒళ్ళే కాదు, బుట్టలో ఉన్న జమాదారు కూడా పచ్చగా అయ్యాడు. పసుపు పడ్డందుకు వాడు ముక్కు ఎగరేసి తుమ్మి, అందరినీ అనుమానంగా చూశాడు.

నేను మొదలుపెట్టాను. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళకూ వాడి గుణాలన్నీ వరసగా చెప్పాను. కరుస్తాడు, తంతాడు, తాళ్ళు కొరుకుతాడు, గడప మీద పోస్తాడు, రాత్రి కాలు కొడతాడు. ఒక మిఠాయి దుకాణం ఆవిడ చెయ్యి చాపి, నా మాట సగం వినగానే వెనక్కి తీసుకుంది. సర్ఖని నుంచి వచ్చిన ఒకాయన కడుపు పట్టుకొని నవ్వి, "బాయీ, నువ్వు అమ్మనీకి అచ్చినవా, పంచాయితీ పెట్టనీకి అచ్చినవా?" అన్నాడు. ఎంతమంది నవ్వినా ఒక్కరూ తీసుకోలేదు. మారోతి నన్ను చూసి నిట్టూర్చాడు గానీ, చెప్పడం ఆపమనలేదు. ఆపమన్నా ఆపేదాన్ని కాదు.

మధ్యాహ్నానికి మా అత్త వేటకుక్కల వాణ్ణి వెతికి పట్టుకొచ్చింది. చేతిలో రెండు గొలుసులు, గొలుసుల చివర సన్నని పొట్టల కుక్కలు. వాడు బుట్టలోకి తొంగి చూసి బాగుందన్నట్టు తలాడించాడు. "నేన్ గీడనే ఉంట. ఎండ దిగినంక ఇయ్యుండ్రి," అని కాస్త దూరంలో గొంతుక్కూర్చున్నాడు. భాగ్య ఆ కుక్కలనే చూస్తోంది. నా ధైర్యం నాకుంది గానీ, ఆ పూట అది పొద్దు వాలినకొద్దీ కుంగింది.

నీడ కోసం గుర్రాల బజారులో ఒక డేరా పక్కన కూర్చున్నాం. మా వెనకే ఎవరిదో ఎర్ర గుర్రం ఒకటి కట్టేసి ఉంది. మారోతి బుట్టను ముందు పెట్టుకొని, తన తల మీది ఎర్ర రుమాలు విప్పి దాని మీద కప్పి, కింద నుంచి చెయ్యి పెట్టి జమాదారు నుదురు రాస్తున్నాడు. భాగ్య నేర్పిన పద్ధతి.

ఆ బజారు సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడ ధర నోటితో చెప్పరు. అమ్మేవాడు రుమాలు పరిచి దాని కింద చెయ్యి పెట్టుకొని కూర్చుంటాడు. దళారి వచ్చి ఎదురుగా కూర్చొని తన చెయ్యీ లోపలికి పెడతాడు. ఇద్దరూ వేళ్ళు నొక్కి బేరమాడుకుంటారు. మొహాలు మాత్రం ఎటో తిప్పుకొని, ఏమీ పట్టనట్టు ఉంటారు. వేళ్ళు వదిలేస్తే బేరం పోయినట్టు, గట్టిగా పట్టు పడితే సౌదా అయినట్టు. పట్టు పడ్డాక మాట మారిస్తే వాడి రుమాలు కిందకు ఇంకెవరూ చెయ్యి పెట్టరు. ఇదంతా నాకు తెలుసు, మారోతికీ తెలుసు. కానీ గుర్రాల బజారులో, గుర్రం ముందు, రుమాలు కింద చెయ్యి పెట్టుకొని కూర్చున్నామని మా ఇద్దరికీ తట్టలేదు.

అప్పుడు వచ్చాడు సగరోళి ఊరి పోచన్న. బుర్ర మీసాల గుర్రాల దళారి, కరిచే గుర్రాన్నైనా దారికి తెస్తాడని పేరున్నవాడు. ఎర్ర గుర్రాన్ని ఒకసారి ఎగాదిగా చూశాడు. మారోతి ఎదురుగా చతికిలబడ్డాడు. మొహం ఒంటెల వైపు తిప్పుకొని, ఒక్క మాట కూడా మాట్లాడకుండా చెయ్యి రుమాలు కిందకు పోనిచ్చాడు. పై నుంచి.

పోచన్న అరవలేదు. అరిస్తే బేరం పోతుంది కదా. ఒంటెలనే చూస్తున్నాడు, మీసం మాత్రం వణికింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తమ్మీ," అన్నాడు ఒంటెలతో చెప్తున్నట్టు, "గట్టి బేరగానివే. గని గోర్లు పెట్టకు."

"నేను కాదన్నా," అన్నాడు మారోతి బిక్కచచ్చి.

"మరెవలు?"

రుమాలు మీద ఎర్ర రంగు ఇంకాస్త ముదరడం నేను చూశాను. రుమాలు లాగేశాను. పోచన్న చూపుడువేలు పట్టుకొని, ఒళ్ళంతా పసుపుతో, జమాదారు మా అందరి వైపూ తేరిపార చూశాడు. చూసి, తీరిగ్గా వదిలాడు. బజారు గొల్లుమంది. గుర్రాల వాళ్ళు, ఒంటెల వాళ్ళు, నీళ్ళు పోసేవాళ్ళు, అందరూ మూగారు. కుక్కలవాడు కూడా గొలుసులు పట్టుకొని దగ్గరకు వచ్చాడు.

నా జీవితంలో మాట వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. అప్పుడూ రాలేదు.

"అన్నా, సౌదా అయింది," అన్నాను.

"ఏం సౌదా?" వేలు చప్పరిస్తూ పోచన్న.

"మేం పిలువలే. చెయ్యి నువ్వే పెట్టినవ్. లోపట మా ఆయన చెయ్యి ఉంది, నీ చెయ్యి ఉంది. పట్టు పడ్డది. రకతం గూడ అచ్చింది. ఇగ ఇంతకంటె గట్టి పట్టు ఉంటదా?"

"ఐబు చెప్పకుంట సౌదా ఏంది బాయీ? ఏ జంతువుదైన లోపం ముందుగాల చెప్పాలె."

"ఆడే చెప్పిండు గద, నీ ఏలికి."

జనం మళ్ళీ నవ్వారు. నందకిషోర్ అనే పెద్దాయన అక్కడ ఉన్నాడు, ఆ వరసలో గుర్రాలు కట్టే వాళ్ళందరికీ పెద్ద. ఆయన నవ్వలేదు. "పోచన్నా, హాత్ తూచ్ ఘాత్లాస్ నా?" అని మరాఠీలో అడిగాడు, చెయ్యి పెట్టింది నువ్వే కదా అని. పోచన్న ఒప్పుకోక తప్పలేదు. అయితే సౌదా సౌదాయే అన్నాడు నందకిషోర్.

కుక్కలవాడు ముందుకొచ్చాడు. "అన్నా, నీకెందుకు పరేషాని? నేనే గొంటున్న. ఇటియ్యి."

భాగ్య నా చెయ్యి పట్టుకుంది. నేను పోచన్నకు గబగబా చెప్పాను. జమాదారు గుణాలు ఒక్కటి కూడా దాచలేదు. కరుస్తాడని, కొరుకుతాడని, ఎత్తుకోనివ్వడని, కాలు కొట్టి నిద్ర పాడు చేస్తాడని. "నేను ఏడిపిస్తలేను అన్నా. గీని మీద నా పిల్ల పానం ఉంది. కుక్కలకు ఇయ్యొద్దు, కొయ్యొద్దు. కొరుకుతందుకు ఒక తుమ్మ కొమ్మ ఎయ్యి. చెయ్యి పక్క నుంచి పెట్టు, పై నుంచి పెట్టకు. గంతే."

పోచన్న నా వైపు చూడలేదు. జమాదారు వైపు చూశాడు. జమాదారు వెనక కాలితో బుట్ట అడుగున ఒక దెబ్బ కొట్టాడు. తర్వాత పోచన్న మా ఎర్ర రుమాలు తీసుకొని బుట్ట మీద కప్పాడు.

"నడువ్‌రా ఈడికెల్లి," అన్నాడు కుక్కలవాడితో. "పోచన్న పట్టిన సౌదా ఇంకోనికి ఇయ్యడు."

బుట్ట ఎత్తుకొని, రుమాలుతో సహా, వెళ్ళిపోయాడు. ఆ రుమాలు లేక మారోతి బోసి తలతో నాందేడు చేరాడు.

ఆ ఏడాది మారోతి కొత్త పడుగు ఎక్కించాడు, పెళ్ళి వాళ్ళ చీర దిగింది. ఇల్లు నిమ్మళంగా ఉంది. రాత్రి ఏ చప్పుడూ లేక నిద్ర సరిగా పట్టడం లేదని మా అత్త ఒకసారి అంది, అని నాలుక కరుచుకుంది. నేను చేసింది తప్పని నాకు ఎప్పుడూ అనిపించలేదు, ఇప్పటికీ అనిపించదు. కానీ ఒక ముల్లు మాత్రం ఉండేది. జాత్రలో పదిమంది ముందు మీసం నిలబెట్టుకోవడానికి ఎవరైనా మాట ఇస్తారు. సగరోళిలో చూసేవాళ్ళు ఎవరు? వేలి నొప్పి ఎక్కువైన రోజున ఆ మనిషి ఏం చేసి ఉంటాడు? భాగ్య వాడి సంగతి అడిగినప్పుడల్లా "మంచిగున్నడు" అని గట్టిగా చెప్పేదాన్ని.

మళ్ళీ మార్గశిరం వచ్చింది. మాళేగాంలో దర్శనం అయీ కాకముందే అందరినీ వదిలి గుర్రాల బజారుకు పోయాను. పోచన్న కనబడ్డాడు. అదే మీసం. ముందు ఒక బుట్ట, దాని మీద మా ఎర్ర రుమాలు, రంగు వెలిసిపోయి. నన్ను చూశాడు, నవ్వలేదు.

"ఉన్నడా అన్నా?" అని అడిగాను.

పోచన్న గడ్డంతో బుట్ట వైపు చూపించాడు.

నేను ఆగలేకపోయాను. రుమాలు కిందకు చెయ్యి దూర్చాను. వెచ్చని చెవులు తగిలాయి, మెత్తని వీపు తగిలింది, నిరుటి కంటే లావైన వీపు. ఆ వెంటనే నా వేలు పళ్ళ మధ్యకు పోయింది. నొప్పి నెత్తికెక్కింది. నేను ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒక్కసారే చేశాను. వాడు బతికే ఉన్నాడు. వాడు వాడిలాగే ఉన్నాడు.

"ఏం పనికస్తుండు అన్నా నీకు?"

"ఏం పనికి రాడు. పగ్గాలు కొరికిండు. మా అల్లున్ని కరిచిండు. కొత్త జీను ఖరాబ్ జేసిండు."

"మరి?"

"మరేంది? ఉంటడు. నా ఎంబడి ఉంటడు. బస్."

నాకు చిలిపితనం ఆగదు. కళ్ళు తుడుచుకొని, చెయ్యి ఇంకా లోపలే ఉంచి అన్నాను: "అయితే అన్నా, సూడు. రుమాలు కింద పట్టు పడ్డది. సౌదా అయింది. గీడు మళ్ళ నావోడే."

పోచన్న మొహం పాలిపోయింది. కరిచే గుర్రాలను దారికి తెచ్చే మనిషి, బజారంతా చూస్తుండగా, రెండు చేతులూ ఎత్తి నా ముందు పెట్టాడు. చూపుడువేలి మీద తెల్లని మచ్చ.

"అట్ల గాదు బాయీ. రెండు చేతులు లోపట ఉంటేనే సౌదా. నా చేతులు బయట్నే ఉన్నై, సూడు. అందరు సూడుండ్రి. నేను పెట్టలే."

నేను మాట్లాడలేకపోయాను. అది నా జన్మలో మొదటిసారి. వేలు మెల్లగా విడిపించుకొని, కొంగుతో చుట్టుకొని, దూరంగా మారోతితో వస్తున్న భాగ్య వైపు చూశాను.

"నా పిల్ల అస్తుంది అన్నా. ఒక్కపారి సూడనిస్తవా?"

"సూడమను," అన్నాడు పోచన్న, బుట్టను తన మోకాలి దగ్గరకు జరుపుకుంటూ. "గని చెయ్యి పక్క నుంచి పెట్టమను. పై నుంచి పెడితే ఆనికి నచ్చది."